అడిగేవాళ్లు లేని మంచుకొండ

తొంభైల మొదట్లో నేను జగిత్యాలలో నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. సొంతూరు కోరుట్ల. సిరిసిల్లలో సాంచలనే మరమగ్గాలు నడిపే నేతకారుల ఇంటి నుంచి వచ్చిన రాజేశం నాతోపాటు అదే హోదాలో పనిచేసేవాడు. కాలువ సర్వేకు థియొడొలైట్‌ను, అంటే కోణాలు కొలిచే దుర్భిణి యంత్రాన్ని, గుట్ట మీద నిలపాలి. ఆ రోజుల్లో గుట్టెక్కి దుర్భిణిలో చూసేవాణ్ణి పోలీసులూ అనుమానించేవారు, అన్నలనే నక్సలైట్లూ అనుమానించేవారు. గుట్టలెక్కవద్దని పైఅధికారి నోటిమాటగా చెప్పారు.

రాజేశానికి ఇంకో కష్టం ఉండేది. తమ్ముడు శీను కాలేజీ మానేసి దళంలో కలిశాడు. ఆ తర్వాత రాజేశాన్ని తరచుగా ఠాణాకు పిలిపించి ఆరా తీసేవారు.

హిమాచల్‌లో మంచు సర్వేకు డెప్యుటేషన్ మీద ఇంజనీర్లు కావాలని సర్క్యులర్ వస్తే ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. మంచులోకి గొట్టం దించి, అందులో నిండిన మంచును తూచి, కరిగితే ఎంత నీరొస్తుందో లెక్కకట్టడం మా పని. ఆ కొండల్లో చలికాలం తిరగాలంటే కాళ్లకు స్కీలు, మంచుమీద జారే పొడుగాటి పలకలు, కట్టుకోవలసిందే. అక్కడి సర్వేయరు నేగీ మాకు నేర్పాడు.

పని ముగిశాక ముగ్గురం సెలవు పెట్టి, పైనున్న కనుమ దాకా సరదాగా బయలుదేరాం. ఎక్కేటప్పుడు స్కీల అడుగున బొచ్చుపట్టీలు అతికిస్తారు. అవి ముందుకు జారతాయి, వెనక్కి జారనివ్వవు. రాజేశం ఒక పట్టీని నిమిరి చూసి, "అరె, గిది నేసిన బట్టనేరా, మఖ్మల్ లెక్కున్నది," అని మురిసిపోయాడు.

కనుమ చేరేసరికి అవతలి లోయలో మబ్బు లేస్తోంది. దిగుదామని నేగీ తొందరపెట్టాడు. రాజేశం మంచులో చతికిలబడ్డాడు.

"శీనుగాడు, నేను సీతాఫలాలకు చందుర్తి గుట్టలన్ని తిరిగెటోళ్లం. ఇప్పుడు మా గుట్ట మేం ఎక్కరాకుంటయింది. ఎవల కొండనో ఎక్కి కూసున్న. ఆణ్ణి ఒక్కసారన్న ఈడికి తీస్కరావాలెరా. ఏడికి పోతున్నవని అడిగెటోడు ఒక్కడు లేడు."

నేను చెయ్యందించి, "మబ్బు కమ్ముతున్నది, లేరా," అన్నాను.

లేచాడు. మలుపులు తిప్పమని నేగీ అరుస్తున్నా వినకుండా నిటారుగా జారిపోయి, మెత్తటి మంచులో కూలబడి, పడ్డచోటే పెద్దగా నవ్వాడు. అతను అలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

డెప్యుటేషన్ గడువు పొడిగిస్తామంటే నేను ఒప్పుకున్నాను. రాజేశం ఒప్పుకోలేదు. ఎందుకని అడిగాను.

"సాంచల చప్పుడుల తలుపు కొట్టుడు అమ్మకు ఇనవడదిరా. ఆడు ఎన్నడన్న అస్తే తలుపు తీసెతందుకు నేనుండాలె."

చాలా ఏళ్ళకు నేను ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా జగిత్యాల తిరిగి వచ్చాను. రాజేశం హిమాచల్ నుంచి రాగానే సిరిసిల్లకు బదిలీ అడిగి తీసుకుని, ఇంకా అక్కడే, పాత హోదాలోనే ఉన్నాడు. ప్రమోషన్ వస్తే ఊరు విడవాలి గనుక ప్రతిసారీ వద్దని రాసిచ్చాడు. అప్పటికి గుట్టలు ప్రశాంతంగా ఉన్నాయి. శీను గురించి మాత్రం మంచీ చెడూ ఏ కబురూ రాలేదు. రాజేశం అక్కడే రిటైరయ్యాడు.

బదిలీ కావాలన్నవాణ్ణి ఎందుకని అడుగుతాం. వద్దన్నవాణ్ణి అడగం, పనిమీద ఆసక్తి లేదని అనుకుంటాం. రాజేశం మాట విన్న తర్వాత, నా కింద పనిచేసేవాళ్ళలో ఎవరు ఊరు కదలనన్నా ముందు కూర్చోబెట్టి కారణం అడిగాను.