చింతపండు తగలని లోటాలు

కండక్టరు మామ పోయాడని ఆయనతో బస్సు నడిపిన పాత డ్రైవరు జమ్మలమడుగు నుంచి ఫోన్ చేసి చెప్పాడు. నేను ముద్దనూరులో రైతుల ధర్నా దగ్గర ఉన్నాను. "మామ లేడప్పా" అన్నాడు. అంతే, ఫోన్ పెట్టేశాడు. ధర్నా వార్త రాసి పంపి, ప్రొద్దుటూరు బస్సెక్కాను. దారి పొడుగునా టికెట్ మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆయన నాకు బంధువు కాదు. ప్రొద్దుటూరులో మా ఎదురింటాయన. జమ్మలమడుగుకు, పులివెందులకు తిరిగే బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వీధి మొత్తానికి ఆయన మామ, ఆయన భార్య అత్త. ఆ రూట్లలో తిరిగినవాళ్లకు మాత్రం ఆయన వేరే రకంగా గుర్తుండి ఉంటాడు. బస్సు చెడిపోయి ఎక్కడన్నా ఆగితే, జనం గొడవకు దిగకముందే ఆయన సంచిలోంచి మూడు ఇత్తడి లోటాలు తీసేవాడు. ఏ అరుగు మీదో తువ్వాలు మడిచి పరిచి, వాటిని బోర్లించి, మూడు ఎర్ర ఉండలను ఒకదాని కింది నుంచి ఇంకోదాని కిందికి తిప్పేవాడు. ఆఖరున లోటా ఎత్తితే, ఉండ ఉండాల్సిన చోట చీనీకాయ, అదే బత్తాయి, ఉండేది.

ఉండలు ఎట్లా పోయేవో, ఎట్లా వచ్చేవో ఇక్కడ రాయను. వద్దన్నాడు. "చెయ్యి నాది, దాని సంగతి రాయగాకు. వస్తువులు అంగట్లో అందరికీ దొరుకుతాయి. వాటి గురించి నేను పోయినాక రాసుకో పో" అన్నాడు. ఆ మాట మీదే రాస్తున్నాను.

ఆ లోటాలు కొన్న రోజు నేను పక్కనే ఉన్నాను. పాత్రల అంగట్లో ఒక లోటాలో ఇంకోటి దించాడు, చెవి దగ్గర పెట్టుకొని ఊపాడు, తీసి పక్కన పెట్టాడు. ఇంకో జత దించాడు. అంగడాయన మా పక్కకు వచ్చాడు.

"ఏం మామా, లోటాలు కొంటాండావా, పెండ్లిసూపులకొచ్చినావా?"

"పెండ్లిసూపులే అప్పా. ముగ్గురూ ఒగే పోలికుండల్ల, ఒగరి మీద ఒగరు పడినా అరవగూడదు."

"అట్లాటోళ్లు మా ఇంట్లోనే లేరు, అంగట్లో యాడ దొరుకుతారు?"

దొరికాయి. నోరు వెడల్పుగా, అడుగు సన్నంగా ఉన్నవి. ఒకదానిలో ఒకటి దించితే పూర్తిగా కూర్చోకుండా, మధ్యలో ఉండ పట్టేంత సందు మిగలాలి. నోటి అంచు చుట్టూ వేలికి పట్టు దొరికేలా గట్టు ఉండాలి. ఇంటికి తెచ్చాక, బోర్లిస్తే పైకి వచ్చే అడుగు భాగంలో సుత్తితో కొట్టి చిన్న గుంత చేశాడు. ఉండను పైన పెడితే జారకుండా నిలబడేది ఆ గుంతలోనే. తెలియనివాళ్లకు అది సొట్ట.

ఉండలు ఆయనే చేసుకునేవాడు. జనం పారేసిన టికెట్లు తడిపి, నలిపి, ఆరబెట్టి, పైన ఎర్ర నూలుదారం చుట్టేవాడు. దూదితో చేస్తే వేళ్ల మధ్య నలిగిపోతుంది, రబ్బరైతే ఎగురుతుంది. దారం చుట్టిన కాగితం రెండూ చేయదు. చీనీకాయలకు పులివెందుల వెళ్లేవాడు. నున్నగా గుండ్రంగా ఉన్నవి తీసుకునేవాడు కాదు. లోటా ఎత్తగానే దొర్లిపోతుందని, అడుగు కొంచెం చదునుగా ఉన్నది, లోటా నోట్లో పట్టేది, కోసి ఒకట్రెండు రోజులైనది వెతికేవాడు. అప్పుడే కోసిన కాయ వాసనతోనే దొరికిపోతుందట. "చేతికి సాయం చేసే వస్తువు కావల్లప్పా. చూసేవాళ్లకు దాన్ని చూస్తే ఏం తోచగూడదు" అనేవాడు.

అందుకే ఆ లోటాలను ఎప్పుడూ తోమించలేదు. తోమిన ఇత్తడి అద్దంలాంటిది. అరచేతిలో దాచింది అందులో కనిపిస్తుంది. అవి నల్లబడి, పాతబడి, ఎవరూ రెండోసారి చూడని రంగుకు వచ్చాకే వాటితో జనంలో ఆడాడు.

అత్త ఇంట్లో ఇత్తడి సామాను మా వీధికంతా తెలుసు. శుక్రవారం చింతపండు వేసి తోమితే బిందెల్లో ముఖం చూసుకోవచ్చు. అట్లాంటి ఇంట్లో ఆ మూడు లోటాలు ఆమెకు పంటి కింది రాయి. "మకిలి పట్టిన లోటాలు ఎత్తుకొని నలుగుర్లోకి పోతాడు. నాకు సిగ్గయితాందప్పా" అని నా దగ్గర ఎన్నోసార్లు అంది. ఎందుకు తోమకూడదో ఆమెకు చెప్పొచ్చు కదా అని మామను అడిగాను.

"చెప్తే ఎట్లా? ఇంట్లో చూసేవాళ్లు ఒగరైనా మిగలల్ల గదప్పా" అన్నాడు.

నిజమే. ఇంట్లో ఆడినప్పుడు చీనీకాయ బయటపడిన ప్రతిసారీ అత్త ఆశ్చర్యంతో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆయన ఆట మొత్తం ఆమె ముఖం వైపే చూస్తూ ఆడేవాడు.

రిటైరయ్యాక కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. వణుకు ఆగదని, పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. మామ ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాడు. "చెయ్యి గూడా రిటైరయితాదంటప్పా. అయ్యేలోపల ఒగేఒగసారి, మొదట్నుంచి చీనీకాయ దాకా తప్పు లేకుండా చేయల్ల" అన్నాడు. అప్పట్నుంచి ఆయనకు ఇంకో కోరిక ఉన్నట్టు నేను వినలేదు. డ్రైవరు రిటైర్మెంటు విందు జమ్మలమడుగులో పెట్టుకున్నారు. అక్కడ ఆట ఆడమని డ్రైవరు మామను అడిగాడు. మామ ఒప్పుకున్నాడు. మధ్యాహ్నాలు తలుపేసుకొని సాధన చేశాడు. వణుకు వచ్చే క్షణం ముందే తెలుస్తోందని, ఆ క్షణంలో చెయ్యి లోటా మీద ఆనించి ఉంచితే బయటికి కనపడదని నాతో చెప్పాడు. ఆ వారం ఆయన అన్నం బాగా తిన్నాడని అత్త అంది.

విందుకు ముందురోజు ఆయన చీనీకాయ కోసం పులివెందుల వెళ్లాడు. ఆ పగలే అత్త లోటాలు తీసుకొని పాత్రల అంగడికి పోయింది. ఇంతమందిలో ఆయన ఆడేది ఇదే ఆఖరని ఆమెకూ తెలుసు. సొట్టలు తీయించింది. ఇంటికొచ్చి చింతపండుతో తోమింది. తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టింది. వేళ్లు సహకరించక అప్పటికే సంచి సర్దే పని ఆమెదే. పొద్దున ఆయన దాన్ని భుజాన వేసుకొని మాతో బస్సెక్కాడు.

షామియానా కింద, జనం చుట్టూ మూగాక, బల్ల మీద తువ్వాలు విప్పాడు. మూడు లోటాలు షామియానా అంచు నుంచి పడే ఎండలో మెరిశాయి. బొటనవేలితో ఒకదాని అడుగు తడిమాడు. రెండోది తడిమాడు. అత్త వైపు చూశాడు. ఆమె ముందు వరసలో నవ్వుతూ కూర్చుని ఉంది.

మొదలుపెట్టాడు. మధ్య లోటా పైన పెట్టిన ఉండ జారి కింద పడింది. తీసుకొని మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. ముందున్న ఒకతను అరిచాడు.

"మామా, ఎడం చేతిలో ఇంగోటుండాది! లోటాలో కనపడతాందప్పా!"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. లోటాలు మూడూ తిప్పి నిలబెట్టి, మజ్జిగ తెప్పించి పోయించాడు. "లోటాలుండేది తాగేదానికే గదప్పా" అని మొదటిది డ్రైవరుకు ఇచ్చాడు. సంచిలోంచి చీనీకాయ తీసి ఆయన రెండో చేతిలో పెట్టాడు. "ఇది లోటా కింద నుంచి రావల్సింది. తొందరపడి నేరుగా వచ్చె."

జనం అదే ఆట అనుకొని చప్పట్లు కొట్టారు. డ్రైవరుకు అర్థమైంది. ఆయన ఆ ఆటను ఎన్నోసార్లు చూసినవాడు.

"ఎవురు తోమింది మామా ఇవి?" అన్నాడు మెల్లగా.

"నోరు మూసుకొని మజ్జిగ తాగురా" అన్నాడు మామ.

తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. చాలాదూరం వచ్చాక మామ అన్నాడు, "లోటాలు శానా బాగా మెరిసినాయిమే." ఆమె కళ్లు మూసుకొని ఉంది. నిద్రపోయిందనుకున్నాం. బస్సు దిగేటప్పుడు ఆయన నా మోచెయ్యి పట్టుకొని, "వార్తలు రాసేటోనివి, రాయకుండా ఉండేది గూడా తెలిసుండల్ల" అన్నాడు.

తర్వాత ఆయన ఆ సంచి తెరవలేదు. వణుకు రెండో చేతికి కూడా వచ్చింది. అత్త అన్నం కలిపి తినిపించేది. నేను వెళ్లినప్పుడల్లా బస్సుల గురించి, మనుషుల గురించి మాట్లాడేవాడు. లోటాల మాట ఎత్తేవాడు కాదు. ఆఖరున జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులకు పాకింది. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

దినాల ముందురోజు వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో చుట్టాల ఆడవాళ్లు సామాను తోమి ఎండకు బోర్లించారు. బిందెలు, చెంబులు, తాంబాలాలు. వాటి మధ్య మూడు లోటాలు నల్లగా ఉన్నాయి. ఒకామె వాటి మీదికి చెయ్యి చాపింది.

"వాటి జోలికి పోగాకు" అంది అత్త.

ఆమె మాట్లాడుతుందని నేను అనుకోలేదు. నా వైపు తిరగకుండానే చెప్పింది.

"ఆ పొద్దు ఉండ జారినప్పుడే తెలిసెప్పా నాకు. బస్సులో నిద్ర యాడ పోయినా? మీ మామ బాగా మెరిసినాయి అంటాంటే కండ్లు తెరిచేదానికి ముఖం లేకపాయ."

"ఆయనకు చెప్పినారా?"

"చెప్తే తెలిసిపాయ అని బాధపడతాడు. నాకు తెలీదనుకోనుండేదే ఆయప్పకు నిమ్మళం." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఆ లోటాలు మళ్లా తోమలే. నల్లబడనిస్తి. పచ్చడిబండతో నేనే గుంతలు కొట్టినా. ఆయప్ప చేతికిద్దామనుకుంటి. ఇయ్యాల రేపు అంటాండగానే పాయ."

వంగి చూశాను. గుంతలు ఒక పక్కకు ఒరిగి, లోతుగా, మొరటుగా ఉన్నాయి. పని తెలిసిన చెయ్యి కొట్టినవి కావు.

అత్త కొంగు ముడి విప్పి ఎర్ర ఉండ ఒకటి తీసింది. దారం కొస ఊడి ఉంది. మధ్య లోటా మీద పెట్టింది. అది కొంచెం అటూ ఇటూ కదిలింది. ఆమె చెయ్యి తీసేసింది. చుట్టూ ఇత్తడి మీద ఎండ కళ్లు చెదిరేట్టు మెరుస్తోంది. నల్ల లోటా పైన ఉండ అట్లాగే నిలబడింది.