సర్క్యూట్‌లో దొరకని తప్పు

మాది బయోమెడికల్ ఇంజినీరింగ్, అప్పుడు మూడో సంవత్సరం. ల్యాబ్‌లో మేమే కట్టిన బ్యాటరీ ఈసీజీ సర్క్యూట్‌ను మొదటిసారి నాకు తగిలించిన రోజు ఏదో తేడా కనిపించింది. గుండె అల నిటారుగా లేవాల్సిన చోట ఏటవాలుగా ఎక్కుతోంది.

"నీ ఫిల్టర్ ఖరాబుంది. కెపాసిటర్ మార్సు జర," అంది నా ల్యాబ్ జోడీ శ్రావణి.

సిగ్నల్‌లోంచి అక్కర్లేని గోలను వడగట్టే ఈ ఫిల్టర్లను క్లాసులో చెప్పకముందే లైబ్రరీలో సొంతంగా నేర్చుకున్నదాన్ని. ఆ మాట గట్టిగానే తగిలింది. రోజూ కెపాసిటర్లు మారుస్తూ కూర్చున్నాను. ఈలోగా ఉప్పల్ మెట్రో మెట్లెక్కుతుంటే గుండె ఒక్కసారిగా దడదడలాడి, కాసేపటికి దానంతటదే తగ్గింది. నిద్ర చాలలేదనుకున్నాను.

చివరికి అవే వైర్లు శ్రావణికి పెట్టాం. అల సూదిలా లేచింది. మళ్లీ నాకు పెడితే అదే వాలు.

"గిది సర్క్యూట్ కాదే. దవాఖానకు పోదాం, నడువు."

ముందు లైబ్రరీకి వెళ్లాను. కార్డియాలజీ పుస్తకంలో అచ్చం నా అలే ఉంది. పేరు డెల్టా వేవ్. అరుదుగా ప్రాణం మీదికి రావచ్చని దాని కింద రాసింది చదివి, అమ్మకు ఫోన్ చేశాను.

నాచారంలో డాక్టరు గారు ఈసీజీ తీయించి చూశారు. "డబ్ల్యూపీడబ్ల్యూ అమ్మా. పుట్టుకతోనే గుండెలో కరెంటుకు ఒక ఎక్స్‌ట్రా దారి ఉంది. అబ్లేషన్ చేయాలి, అంటే ఆ దారిని లోపలే కాల్చేయాలి."

"పానానికి ఫికర్ లేదు గద సార్?" అంది అమ్మ.

"వదిలేస్తేనే ఫికర్."

పెద్దాసుపత్రిలో తొడ దగ్గర నుంచి గుండెదాకా వైర్లు పంపారు. నేను మెలకువగానే ఉన్నాను. ఆ దారి ఎక్కడుందో పట్టుకోవడానికి కావాలనే దడ తెప్పించారు. మానిటర్ వైపు తల తిప్పబోతే, "ఇంజినీరు గారూ, ఇవాళ మీరు పేషెంటు. అటు చూడొద్దు," అన్నారు అక్కడి డాక్టరు. కాసేపటికి ఆయన గొంతు మారింది. "ఈ ఎక్స్‌ట్రా దారి గుండె అసలు దారికి మరీ దగ్గరగా ఉంది. ఇంకా కాలిస్తే పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. ఆపుదాం."

కొన్ని వారాలకే, పీర్జాదిగూడ బస్సులో దడ తిరిగి వచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. రెండోసారి చేసిన అబ్లేషన్‌లో కాల్చకుండా, కొద్దికొద్దిగా చల్లబరుస్తూ ఆ దారి మూశారు. "పోయింది," అన్నారు డాక్టరు.

ఇప్పుడు చివరి సంవత్సరం. దడ రాలేదు, చెకప్‌లకు వెళ్తున్నాను.

ఇలా దడ వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. దడ ఉన్నప్పుడే, దగ్గర్లో ఎక్కడైనా సరే, ఈసీజీ తీయించండి. ఆ ఈసీజీ కాగితం పట్టీని అప్పటికప్పుడే ఫోటో తీసుకోండి. ఆ గీతలు వేడికీ వెలుతురుకీ మాసిపోతాయి. పెద్దాసుపత్రిలో, నాచారంలో తీసిన నా మొదటి ఈసీజీ అడిగితే, నేను ఇచ్చింది తెల్ల కాగితం.