రేపు రమ్మనే అత్త

మొయినాబాద్ అత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను గండిపేటలో, మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉన్నాను. పిల్లలు పరీక్ష రాస్తున్నారు. "అమ్మ పోయింది" అని మాత్రం అన్నాడు. పొద్దున దుకాణం తాళాలు చేతిలోకి తీసుకొని లేవబోయి, మళ్లీ కుర్చీలో కూర్చుందట. మోకాళ్ల నొప్పి తప్ప ఇంకే బాధా ఎన్నడూ చెప్పని మనిషి. పరీక్ష అయ్యేదాకా ల్యాబు వదిలి రాలేకపోయాను.

ఆమె మా నాన్నకు అక్క. మొయినాబాద్ బజారులో అత్తామామలది స్టీలు సామాన్ల దుకాణం. గిన్నెల మీద పేర్లు కొట్టే పని అత్తదే. చేవెళ్లలో మా ఇంటి చుట్టుపక్కల ఏ బిందె తిప్పి చూసినా ఆమె చేతిరాత కనబడేది. మిషను పట్టుకుంటే ముఖం మహా సీరియస్, అక్షరం పూర్తయ్యేదాకా పలకరించినా పలికేది కాదు. పేరు లేని గిన్నె పెళ్లికి పోతే తిరిగి రాదని ఆమె నమ్మకం. మా ఇంట్లో గరిటెల మీద కూడా మా అందరి పేర్లున్నాయి, అడగకుండానే కొట్టి పంపేది.

మామ పోయి చాలా ఏళ్లయింది. బిల్లుల కోసమని కంప్యూటర్ కొన్నది మామే. అందులో ఒక వీడియో ఉండేది. దుకాణాన్ని కొత్త షట్టర్లోకి మార్చిన రోజు బావ తీశాడు. మామ గల్లా దగ్గర నిలబడి, "రాండ్రి, లోపలికి రాండ్రి" అని వచ్చినవాళ్లను పిలుస్తుంటాడు. అంతకుమించి అందులో ఏమీ లేదు. కానీ మామ గొంతు మిగిలింది ఆ ఒక్కచోటే. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ అత్త అది పెట్టుకొని, గిన్నెలు తుడుస్తూ వినేది. ఇంకోచోట దాచుకుందాం, పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తానని నేను ఎప్పుడన్నా, చూద్దాంలే అనేది. ఆయన గొంతు అలా జేబుల్లో తిరగడం ఆమెకు ఇష్టం లేదు.

ఇక అత్త అలవాటు ఒకటి చెప్పాలి. బేగంబజారు నుంచి కొత్త సేల్స్‌మన్ ఎవరొచ్చినా ముందు చాయ్ తాగించేది. సరుకు తిప్పి చూసి, గోటితో కొట్టి చూసి, ఎంత నచ్చినా సరే "రేపు రా అన్నా" అని పంపేది. మర్నాడు మళ్లీ వచ్చినవాడి దగ్గరే కొనేది. ఇయ్యాల తీసుకోకపోతే ఈ రేటు దొరకదని తొందరపెట్టినవాడికి ఆ దుకాణంలో మళ్లీ చాయ్ పుట్టేది కాదు. ఇలాగైతే మంచి సరుకంతా పక్క దుకాణానికి పోతుందని మామ మొత్తుకునేవాడు. ఒకటి రెండుసార్లు పోయింది కూడా. అత్త మాత్రం మారలేదు.

ఒక మధ్యాహ్నం ఆ కంప్యూటర్ తెరంతా ఎర్రగా అయిపోయింది. కుయ్యోమని ఒకటే మోత. మీ కంప్యూటర్‌లో వైరస్‌లు చేరాయి, ఫైళ్లన్నీ పోతున్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేసి మా యాంటీవైరస్ కొనండి అని రాసి ఉంది. కింద ఒక గడియారం వెనక్కి పరుగెడుతోంది. బావ కంగారుపడి ఫోన్ అందుకోబోతే అత్త అతని చెయ్యి పట్టుకొని నాకు ఫోన్ చేయించింది.

"నాకు కాళ్లు చేతులు ఆడుతలేవు బిడ్డ. మీ మామ గొంతు పోతదేమోనని భయమైతున్నది. గని ఈ తెర మీదోడు జర ఆగుమంటె ఆగుతలేడు. ఆగనోన్ని నేనెప్పుడన్న నమ్మిన్నా?"

నేను జవాబు చెప్పేలోపే, "రేపు రా" అని ఆమె ఎవరితోనో అనడం వినబడింది. తర్వాత తెలిసింది, తెరతోనే అంది. అని, వైరు పీకేసింది.

మర్నాడు వెళ్లి చూస్తే అది వట్టి ఇంటర్నెట్ పేజీ. మూసేస్తే పోయేదే. వైరస్సూ లేదు, ఏమీ లేదు. వీడియో భద్రంగా ఉంది. మామ "రాండ్రి" అనగానే అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు నుంచి కంప్యూటర్‌లోకి వచ్చేవాళ్లందరినీ అత్త సేల్స్‌మన్ల లెక్కలోనే చూసేది. కంప్యూటర్ నెమ్మదించిందని బావ ఎక్కడినుంచో శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దించాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పెట్టీపెట్టగానే అది వందల తప్పులు చూపించి, అన్నీ కడిగేశానంది. అత్త అప్పుడే ఇంకోసారి వెతకమంది. మళ్లీ వందలు. "ఇప్పుడే తోమిన గిన్నెల గింత మసి యాడికెల్లి వచ్చింది?" అని నా వైపు చూసింది. నేను నవ్వాపుకోలేకపోయాను. తర్వాత, గిన్నెను తిప్పి చూసినట్టే, దాని మీద ఎవరి పేరుందో చూడమంది. సాఫ్ట్‌వేర్‌కు కూడా చేసినవాళ్ల సంతకం ఉంటుంది, దాన్ని తెరిచి చూడవచ్చు. దీనికి ఏ పేరూ లేదు. తీసేద్దామంటే ఒక పట్టాన పోనూ లేదు. పొమ్మంటే పోనివాడిని అసలు గడపే ఎక్కించకూడదని బావకు ఆ పూట బాగానే వడ్డించింది. ఈ మాటలే ఇప్పుడు నేను మా పిల్లలకు పాఠంలో చెబుతాను. ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు, ఇక చెప్పాలి.

అయితే అదే అలవాటు ఒకసారి ఆమెను ముంచింది. కంప్యూటర్‌తోపాటు వచ్చిన అసలైన కాపలా, నిజమైన యాంటీవైరస్ ఒకటి అందులో ఉంది. అప్‌డేట్ చేసుకోవాలి, ఒకసారి ఆపి మొదలుపెట్టండి అని తెర మూల ఒక చిన్న మాట రోజూ కనబడేది. చప్పుడు లేదు, ఎరుపు లేదు. ఇప్పుడా, తర్వాతనా అని అడిగేది. అత్త రోజూ "రేపు రా" అని తర్వాత మీద నొక్కేది. అలా నెలలు గడిచిపోయాయి. నేను ఫోన్‌లో అడిగితే, అన్నీ మంచిగనే ఉన్నయ్ అనేది.

చిల్కూరు వాళ్ల పెళ్లి వచ్చింది. పంచిపెట్టే గ్లాసుల మీద కొట్టాల్సిన పేర్లు వాళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చారు. దానితోపాటు అసలు వైరస్ వచ్చింది. నెలలుగా అప్‌డేట్ లేని కాపలా దాన్ని పట్టలేకపోయింది. మర్నాటికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. నేను చేయగలిగిందంతా చేశాను, పట్నంలో నాకంటే తెలిసినవాళ్లకు చూపించాను. లాభం లేకపోయింది. కంప్యూటర్ తిరిగి తెచ్చి బల్ల మీద పెడుతుంటే అత్త ఒక్క మాటే అడిగింది, మామది దొరికిందా అని. తల అడ్డంగా ఊపాను. నాకు ఏడుపొచ్చింది, ఆమె ఏడవలేదు. చాలాసేపు తుడిచిన గిన్నెనే తుడిచింది.

"మంచోడు రోజు వచ్చిండు బిడ్డ. భయపెట్టలే, తొందరవెట్టలే. రేపు రమ్మంటె రేపొచ్చిండు. గట్ల వచ్చినోన్నే కదా నేను నమ్మేది. నేనే లోపలికి రానియ్యలే."

ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె కంప్యూటర్ ముఖం చూడలేదు. మధ్యాహ్నాలు దుకాణం నిశ్శబ్దంగా ఉండేది. కానీ నేను మళ్లీ వెళ్లినప్పుడు ఒకటి చూశాను. తెర మూల ఆ చిన్న మాట రాగానే, చేతిలో పని పక్కన పెట్టి, "రాండ్రి, లోపలికి రాండ్రి" అని నొక్కింది. అచ్చం మామ అన్నట్టే. అదే దీర్ఘం, చివర అదే చిన్న నవ్వు. మోకాళ్లు పట్టుకొని లేచి, అప్‌డేట్ అయ్యేదాకా చాయ్ పెట్టుకొచ్చింది. ఇక ఒక్క రోజు కూడా దాన్ని వెనక్కి పంపలేదని బావ చెప్పాడు. ఆ మాట అనడానికే ఆమె ఎదురుచూసేదేమో అని నాకు ఇప్పుడనిపిస్తుంది.

పెద్దకర్మ అయ్యాక బావ దుకాణం తెరిచాడు. కంప్యూటర్ ఒకసారి చూడమంటే వెళ్లి అత్త కుర్చీలో కూర్చున్నాను. పేర్లు కొట్టే మిషను మీద ఆమె పాత చీర ముక్క కప్పి ఉంది. తెర వెలిగింది. కాసేపటికి మూలన ఆ చిన్న మాట వచ్చింది, ఇప్పుడా, తర్వాతనా అని.

"రాండ్రి, లోపలికి రాండ్రి" అన్నాను.

గల్లా దగ్గర బావ చప్పున తలెత్తి, ఎవరో వచ్చారనుకొని వాకిలి వైపు చూశాడు.