రాణి ఎడమ కంటి గంత

ఒక తోలుముక్క ఎంత బరువుంటుంది? అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని పదకొండేళ్ళుగా మోస్తున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే నోరు పెగులుతోందేమో.

ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. నేను పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పుతాను. పిల్లలకు భయం లేకుండా స్వారీ ఎలా నేర్పాలో ఒక చిన్న పుస్తకంగా రాయమని నేను పనిచేసే చోట అడిగారు. ఆ పద్ధతి నేను కనిపెట్టిందని వాళ్ళ నమ్మకం. నెల రోజుల్లో పుస్తకం రాసేశాను. చివరి పేజీ ఒక్కటి మిగిలింది. సాయం చేసినవాళ్ళ పేర్లు రాసి కృతజ్ఞతలు చెప్పే పేజీ. ఇరవై రోజులుగా దాని ముందు కూర్చుని లేస్తున్నాను. అందులో ఒక పేరు రాస్తే, ఆ పేరు ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదో కూడా రాయాలి. రాయకపోతే? రాయకుండానే కదా ఇంతకాలం బతికాను.

మాది కురబలకోట దగ్గర పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. ఇంటర్ తప్పాక నా చదువంతా మదనపల్లె గ్రంథాలయంలోనే సాగింది. పొద్దున మొదటి బస్సుకు వచ్చి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. గ్రంథాలయం చూసే సరోజమ్మ గారు నా కోసం తాళం వేసిన బీరువా కూడా తెరిచేవారు. అందులో గుర్రాల మీద అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు నెలల్లో చదివాను. గుర్రాన్ని ఒక్కసారైనా తాకకుండానే దాని కాలి ఎముకల పేర్లు వరసగా చెప్పగలిగేవాణ్ణి. అప్పటి ఆ గర్వం గుర్తొస్తే జాలేస్తుంది. కాదు, జాలి కాదు. సిగ్గు.

తొంభైల మధ్యలో పుంగనూరు రోడ్డులో ఒక ప్రైవేటు హాస్టలు బడి పెట్టారు. ఇప్పుడది లేదు. స్వారీ నేర్పే బడి అనిపించుకోవాలని దాని కరస్పాండెంటుకు కోరిక. పుంగనూరులో ఆటోలు వచ్చి జట్కాలు మూలపడుతున్న రోజులవి. అక్కడి స్టాండు నుంచి ఒక జట్కా గుర్రాన్ని కొన్నారు. దాని పేరు రాణి. ఎనిమిదేళ్ళుగా దాన్ని తోలిన రెడ్డెప్పను కూడా పనిలో పెట్టుకుని, స్వారీ మాస్టరు అన్నారు. నన్ను స్టోర్‌కీపరుగా తీసుకున్నారు. గుర్రాల పుస్తకం చదివానని తెలిశాక రెడ్డెప్పకు సహాయకుణ్ణి చేశారు.

నేను చదివిన పుస్తకంలో స్వారీ మాస్టర్లంతా సైన్యం నుంచి వచ్చినవాళ్ళు. నిటారు నడుము, నున్నని బూట్లు. బెంగళూరులో గుర్రప్పోలీసులుగా రిటైరైనవాళ్ళు, రేసు గుర్రాల దగ్గర పెరిగినవాళ్ళు నేర్పుతారని విన్నాను. మా మాస్టరు జట్కా స్టాండు నుంచి వచ్చాడు. లుంగీ, తలకు తువ్వాలు, చెవి వెనక బీడీ. సంతకం రాదు. తల్లిదండ్రులు చూడటానికి వచ్చిన రోజు ఏదో పని చెప్పి ఆయన్ని గుర్రం పాకలోకి పంపేవాణ్ణి. ఆయనకది అర్థమయ్యేదా? అయ్యే ఉంటుంది. ఆయనకు అర్థం కానిది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన నేర్పే తీరు వేరు. మొదటి వారం ఎవరినీ గుర్రం ఎక్కించడు. నేర్చుకునే పిల్ల, రాణి మెడ మీద చెయ్యి వేసి పక్కన నడవాలి, అంతే. అది ఏ కాలు వేస్తే తనూ ఆ కాలే వెయ్యాలి. రెండో వారం జీను లేకుండా, మడిచిన గోనెసంచి మీద కూర్చోబెడతాడు. పిల్ల కళ్ళు మూసుకోవాలి. కింద ఏ కాలు పడుతోందో పైనుంచి చెప్పాలి. ఎడమ, కుడి, ఎడమ. తప్పు చెబితే తిట్టడు. "మళ్లా ఇను" అంటాడు. కళ్ళు మూసుకున్న పిల్లకు భయపడటానికి తీరిక ఉండదని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. నేనైతే నల్లబల్ల మీద గుర్రం బొమ్మ గీసి భాగాల పేర్లు రాయించేవాణ్ణి. మడమ కిందికి, చూపు ముందుకు అని అరిచేవాణ్ణి. పిల్లలు బొమ్మ బాగా గీసేవాళ్ళు. గుర్రం దగ్గరికొస్తే బిగుసుకుపోయేవాళ్ళు.

మా ఇద్దరికీ పట్టింపు వచ్చింది గంతల దగ్గర. జట్కా గుర్రానికి పక్కలు కనపడకుండా రెండు కళ్ళ వారగా కట్టే తోలుముక్కలవి. స్వారీ గుర్రానికి అవి ఉండవని నా పుస్తకంలో ఉంది. రెడ్డెప్ప తీయనివ్వలేదు. రాణి ఎనిమిదేళ్ళుగా ముందుకు తప్ప చూసి ఎరగదని, పక్కలు చూడటం దానికి కొత్తగా నేర్పాలని ఆయన మాట. రోజూ సాయంత్రం మైదానంలో ఎవరూ లేనప్పుడు రెండు నిమిషాలు గంతలు తీసి, మెడ నిమురుతూ నిలబడేవాడు. "పిల్లోళ్ళకు నేర్పినట్టే దీనికీ నేర్పాలప్పా. తొందర పడగూడదు" అనేవాడు. ఆ రెండు నిమిషాల సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే నేను దాన్ని లెక్కచెయ్యలేదు.

ఒక శనివారం ఆయన లాడాలు కొట్టేవాణ్ణి పిలుచుకు రావడానికి పుంగనూరు పోయాడు. మర్నాడు తల్లిదండ్రులు వచ్చే రోజు. వాళ్ళ ముందు రాణి జట్కా గుర్రంలా కనపడకూడదనుకున్నాను. ఆయన లేనప్పుడు అలవాటు చేసేద్దామని గంతలు విప్పి భుజాన వేసుకున్నాను. శైలజ అనే పదేళ్ళ పిల్లను ఎక్కించాను. రాణి మెడ తిప్పింది. "అన్నా, ఈ పొద్దు రాణి నన్ను సూస్తాండాది" అని ఆ పిల్ల నవ్వింది.

రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టులో వంట మునెమ్మ తడి దుప్పటి దులిపి పక్కనున్న తీగ మీద వేసింది. ఎనిమిదేళ్ళు బస్టాండులో లారీల మధ్య చెవి కూడా కదపని గుర్రం అది. పక్కన ఒక తెల్లటి గుడ్డ లేవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఒక్క దూకు దూకి పరిగెత్తింది. శైలజ పడిపోయింది. ఎడమ చేయి విరిగింది.

ఇక్కడి నుంచి మెల్లగా రాయాలి. మునెమ్మ చెప్పులు వదిలేసి పిల్ల దగ్గరికి పరిగెత్తింది. నేను గుర్రం వెనక పరిగెత్తాను. అది కంచె దగ్గర ఆగి వణుకుతోంది. పిల్ల ఏడుపు వినపడుతోంది. నేను కళ్ళెం పట్టుకున్నాను. భుజం మీది గంతలు తీశాను. కట్టాను. రెండు బకిళ్ళూ పెట్టాను. అప్పుడు పిల్ల దగ్గరికి పోయాను.

ముందు గంతలు, తర్వాత పిల్ల. ఏమీ తోచక చేసిన పని అని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఏమీ తోచనివాడి వేళ్ళు రెండు బకిళ్ళు పెడతాయా?

సాయంత్రం రెడ్డెప్ప వచ్చాడు. పిల్లను ఆస్పత్రిలో చూసొచ్చి, నేరుగా రాణి దగ్గరికి పోయాడు. నేను పాక గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన గంతలు రెండూ విప్పి, తిరగేసి చూసి, ఎడమదీ కుడిదీ మార్చి కట్టాడు. నావైపు తిరగలేదు.

కరస్పాండెంటు రిపోర్టు అడిగాడు. నేనే రాశాను, ఇంగ్లీషులో, గ్రంథాలయంలో నేర్చుకున్న మంచి ఇంగ్లీషులో. స్వారీ గుర్రానికి జట్కా గంతలు కట్టడం శాస్త్రానికి విరుద్ధమని, అందుకే గుర్రం బెదిరిందని, మాస్టరుకు శిక్షణ లేదని. ఒక్కొక్క వాక్యం విడిగా చూస్తే చదువుకున్నవాడి మాటలాగే ఉంటుంది. కింద ఆయన వేలిముద్ర కావాలి. పాకలో రాణి ముందు కూర్చుని అడిగాను.

"ఏం రాసినావప్పా?"

"జరిగిందే రాసినా అన్నా."

"సదువు ఒకతూరి."

కాగితంలో లేనిది చదివాను. గుర్రం బెదిరింది, పిల్ల పడింది, ఎవరి తప్పూ లేదు అని.

"గంతల మాట ఉండాదా అందులో?"

"ఉండాది. కట్టే ఉన్నాయని రాసినా."

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలు సిరా పెట్టెకు అద్ది ముద్ర వేశాడు. వేలు లుంగీకి తుడుచుకుంటూ అన్నాడు:

"ఒక మాట గుర్తుపెట్టుకో. కుట్టు ఏసిన గంత ఎడమ కంటిది. నువ్వు కుడికి కట్టినావు. తోలు కంట్లో ఒత్తుకుంటాది, పాపం. నేను ల్యాకపోయినా సూసి కట్టు."

అంతే. తిట్టలేదు, నిలదీయలేదు. అబద్ధం చెప్పిన మనిషికి ఆ అబద్ధంలోనే ఉన్న పొరపాటు దిద్ది, పాఠం చెప్పి పోయాడు. ఆ రిపోర్టు మీద ఆయన్ని పనిలోంచి తీసేశారు. మూడో రోజు బట్టల మూట తీసుకుని, కుప్పంలో కాపురమున్న కూతురు దగ్గరికి వెళ్ళిపోయాడు. గుర్రం బడిది కాబట్టి ఉండిపోయింది. పాక నాదయింది. మాస్టరు పేరూ నాదయింది.

పది రోజులు రాణి నన్ను దగ్గరికి రానివ్వలేదు. నా పుస్తకంలో దానికి జవాబు లేదు. రోజూ సాయంత్రం ఆయన నిలబడే చోట నిలబడి, గంతలు రెండు నిమిషాలు తీయడం మొదలుపెట్టాను. తర్వాత మూడు. ఏడాదికి గంతలు అక్కర్లేకపోయాయి. పిల్లలను పక్కన నడిపించాను, గోనెసంచి మీద కళ్ళు మూసుకుని కూర్చోబెట్టాను. నాకు పేరొచ్చింది. ఇంకో బడి పిలిచింది, ఆ తర్వాత మరొకటి. "ఇదంతా యాడ నేర్చుకున్నారు సార్?" అని అడిగేవాళ్ళు. "చదువుకుని" అనేవాణ్ణి. ఆ ప్రశ్న వస్తుందనే ఎవరినీ ఎక్కువ దగ్గరికి రానివ్వలేదు. స్నేహం కొంచెం పెరగగానే మనిషి అడిగే మొదటి ప్రశ్న అదే కదా. సెలవు రోజుల్లో గుర్రాలతో మాట్లాడతాను. అవి అడగవు.

ఆయన వెళ్ళిన ఆరేళ్ళకు ఒక పని మీద కుప్పం పోయాను. తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే బెంచీ మీద రెడ్డెప్ప కనిపించాడు. తల నెరిసింది. మోకాళ్ళ మీద మనవడు. వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన ఒక మోకాలు తర్వాత ఒకటి మెల్లగా లేపుతున్నాడు. వాడు "ఎడమ, కుడి, ఎడమ" అంటున్నాడు. తప్పు చెప్పాడు. "మళ్లా ఇను" అన్నాడాయన.

పది అడుగుల దూరం. నా బస్సు స్టార్టయింది. ఎక్కాను. కూర్చుని ముందుకే చూశాను, ఊరు దాటేదాకా.

పోయిన ఏడాది ధైర్యం కూడగట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఇల్లు వెతకడానికి ఒక పూట పట్టింది. ఆయన చనిపోయి రెండేళ్ళయిందని కూతురు లక్ష్మి చెప్పింది. నా పేరు చెప్పగానే ఆమె లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చింది. వాళ్ళ నాయన నా గురించి చెప్పేవాడట. మదనపల్లె పక్క ఒకడికి నేర్పినాను, బాగా సదువుకున్నోడు అని.

ఆమెతో అప్పుడే చెప్పాల్సింది. చెంబు చేతిలో ఉంది, ఆమె ఎదురుగా ఉంది. నీళ్ళు తాగి వచ్చేశాను.

ఆయన నన్ను క్షమించాడా? అలా అనుకుంటే నాకు నిద్ర పడుతుంది, కాబట్టి అలా అనుకోను. ఆయన నన్ను శిష్యుణ్ణి అన్నాడు, అంతే తెలుసు. నేనాయన్ని గురువు అనలేదు, అదీ తెలుసు. ఇప్పుడు రాశాక ఛాతీలో కొంచెం చోటు ఏర్పడినట్టుంది. ఇంకేమీ మారలేదు.

రాయలేకపోయిన చివరి పేజీ ఇదిగో.

అడిగిన బీరువా తెరిచిన సరోజమ్మ గారికి కృతజ్ఞతలు. నాకంటే ముందు పిల్ల దగ్గరికి పరిగెత్తిన మునెమ్మకు. శైలజకు: రాణి నిన్ను చూసిందని నువ్వన్న మాట నిజం. ఆ రోజు నిన్నెవరూ ఏమీ అడగలేదు. అడగనివ్వకుండా చేసింది నేనే. కుప్పంలో మంచినీళ్ళిచ్చిన లక్ష్మికి: ఈ కాగితాలు ముందుగా మీకే పంపుతున్నాను. ఎవరిచేతనైనా ఉన్నది ఉన్నట్టు చదివించుకోండి. రాణికి, దాని ఎడమ కంటికి.

నాకు స్వారీ నేర్పింది పుంగనూరు జట్కా స్టాండు రెడ్డెప్ప. రెడ్డెప్పన్నకు.