మిషను దగ్గర కూర్చోబోయే ముందు

కత్తెర ఆడగానే కొత్త పాప్లిన్ గుడ్డలోంచి గంజి వాసన గుప్పున వచ్చింది. మొన్న ఆదివారం రాజమండ్రిలో మా అన్నయ్య కూతురు ప్రవల్లిక ఫ్లాట్‌లో ఉన్నాను. సెలవు రోజున ఆమె, ఆమె స్నేహితురాళ్ళు ముగ్గురు చిన్న కరెంటు మిషన్లు పెట్టుకుని సరదాగా బట్టలు కుట్టుకుంటారు. ఎవరూ ఇంకా స్నానం చేయలేదు. జుట్టు చుట్టేసి క్లిప్పు పెట్టుకున్నారు, ఒంటి మీద నైటీలు. సింకులో రాత్రి గిన్నెలు అలాగే ఉన్నాయి. గోడకు ఆనించిన ఫోనులో ఎవరో మెడ పట్టీ ఎలా వేయాలో చూపిస్తుంటే, వీళ్ళు ఆపుతూ, వెనక్కి జరుపుతూ కుడుతున్నారు. ఒకమ్మాయి జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేసింది. "పోనీలే, ఇదో డిజైన్ అనుకుందాం" అంటే అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ గంజి వాసన అప్పటికే నన్ను కొవ్వూరులోని ఒక వరండాలోకి తీసుకుపోయింది.

పెళ్ళయి తుని నుంచి కొవ్వూరు కాపురానికి వచ్చిన కొత్తలో మా ఎదురింట్లో ఎస్తేరు టీచరు గారు ఉండేవారు. చర్చి బడిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పి రిటైరయ్యారు. భర్త ఏనాడో పోయారు, పిల్లలు లేరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, గోదావరి మీంచి గాలి వచ్చే తన వరండాలో మా వీధి ఇల్లాళ్ళకు కుట్టు నేర్పేవారు. నేను మొదటి రోజు వంటింట్లోంచి నేరుగా వెళ్ళాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూశారు.

"అంట్లు తోమేశావా అమ్మాయ్?"

"సాయంత్రం తోముతానండి."

"అయితే వెళ్ళి తోమేసి రా. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని రా. వేళ్ళకి కాస్త పౌడరు కూడా రాసుకో, గుడ్డకి చెమట అంటదు. మీ ఆయన వచ్చినా, ఇంటికి చుట్టాలొచ్చినా, అయ్యో ఇలా ఉన్నానే అని లేచి పరిగెత్తకూడదు. మనసు ఇంట్లో ఉంటే కుట్టు వంకరపోతుంది."

కుట్టుకీ తల దువ్వుకోవడానికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. కానీ ఆవిడ పాఠాలన్నీ అలాగే ఉండేవి. కోపంగా ఉన్నప్పుడు కత్తెర పట్టకూడదు. దిగులుగా ఉన్నప్పుడు మిషను ఎక్కకూడదు. కుట్టు ఒక్క నూలు పక్కకి జరిగినా విప్పి మళ్ళీ కుట్టాలి. ఆవిడ మాత్రం ఎప్పుడు చూసినా ఇస్త్రీ చీరలో, బిగించి వేసిన ముడితో, ఎక్కడికో బయల్దేరుతున్నట్టే ఉండేవారు.

మా అత్తగారికి నేను అక్కడికి వెళ్ళడం నచ్చేది కాదు. ఓ మధ్యాహ్నం టీచరు గారి గేటు దాకా వచ్చేసి, "కోడలు ఇక్కడ కూర్చుంటే అక్కడ పనులెవరు చేస్తారండీ టీచరు గారూ?" అన్నారు. నేను గబుక్కున లేవబోయాను. ఎస్తేరు టీచరు గారు నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

"ఏ పని మిగిలిందో చెప్పండి వదినగారూ, ఇప్పుడే పంపించేస్తాను" అన్నారు నెమ్మదిగా.

మా అత్తగారు కాసేపు ఆలోచించారు. వంటిల్లు కడిగి ఉంది, బట్టలు ఆరేసి ఉన్నాయి, మంచినీళ్ళ బిందెలు నింపి ఉన్నాయి. వచ్చిన దారినే వెళ్ళిపోయారు. ఆవిడ వీధి దాటాక టీచరు గారు నా వైపు వంగి, "అందుకేనమ్మా అన్నీ చేసి రమ్మనేది. ఇప్పుడు నిన్ను ఎవరూ లేపలేరు. ఈ రెండు గంటలూ నీవే" అన్నారు. ఆ రోజుతో నాకు ఆవిడ పాఠం అర్థమైంది. భర్త కోసమూ చుట్టాల కోసమూ అని పైకి చెప్పే ఆ మాటల కింద, ఆవిడ మా చుట్టూ ఒక కంచె కడుతున్నారు.

మరుసటి ఏడు నేను కడుపుతో ఉన్నాను. ఆ వరండాలోనే మెత్తటి మల్లు గుడ్డతో పసివాళ్ళ జుబ్బాలు కుట్టాను. ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మంచం దిగలేదు. ఎవరైనా తినమంటే తిన్నాను, లేకపోతే లేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఒక మధ్యాహ్నం ఎస్తేరు టీచరు గారు మా ఇంటికి వచ్చారు. "తల కూడా దువ్వుకోవట్లేదండి" అని మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. టీచరు గారు నా చెయ్యి పట్టుకుని లేపారు.

"టీచరు గారండీ, స్నానం చెయ్యలేదు. తల..."

"ఉండనీ. నడు."

అలాగే, నలిగిన చీరతో, చిక్కుపడ్డ జుట్టుతో నన్ను వీధి దాటించి తన మిషను ముందు కూర్చోబెట్టారు. తన పాత నేత చీర ఒకటి తెచ్చి సూది కింద పెట్టారు.

"ఏం కుట్టమంటారండీ?"

"ఏమీ వద్దు. అలా తిన్నగా కుట్టుకుంటూ పో."

తొక్కడం మొదలుపెట్టాను. కాసేపటికి నా కంటికి సూది కనిపించలేదు. కన్నీళ్ళు గుడ్డ మీద పడుతూనే ఉన్నాయి. దారం తెగితే ఆవిడే ఎక్కించేవారు. నాకు కుడివైపు కుర్చీ వేసుకుని, ఏదో లంగా అంచు మడిచి కుట్టుకుంటూ కూర్చున్నారు. ఒక్క ఓదార్పు మాట చెప్పలేదు. ఎవరి కుట్టయినా విప్పించే మనిషి, ఆ వంకర కుట్లలో ఒక్కటీ విప్పమనలేదు. వారం పైగా అలా తీసుకెళ్ళారు. ఒక రోజు నేనే తల దువ్వుకుని వెళ్ళాను. ఆవిడ నా తల వైపు ఒకసారి చూశారు. జాకెట్టు గుడ్డ ఒకటి నా ముందు పెట్టి, కొలతలు చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడకు పిల్లలు ఎందుకు లేరో, ఆ రోజుల్లో తన పక్కన ఎవరైనా కూర్చున్నారో లేదో, నేను ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

చూపు తగ్గిపోయాక ఆవిడను చెల్లెలి కొడుకు భీమవరం తీసుకెళ్ళిపోయారు. చివరిసారి వెళ్ళినప్పుడు నా గొంతు విని గుర్తుపట్టారు. నా జాకెట్టు చేతి అంచును వేళ్ళతో తడిమి చూశారు.

"నువ్వే కుట్టావా?"

"అవునండి."

"ఎవరి దగ్గర నేర్చుకున్నావేంటి, ఇంత బాగా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వానాకాలం వెళ్ళేలోపే ఆవిడ పోయారని కబురు వచ్చింది.

ప్రవల్లికా, స్నేహితురాళ్ళూ ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని లేకుండా కుట్టుకుంటున్నారు. వాళ్ళకు ఏ కంచే అక్కర్లేదు. వాళ్ళను చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఎస్తేరు టీచరు గారు ఉంటే ఆ సింకు చూసి ముందు మొహం చిట్లించేవారు, తరువాత మెల్లిగా కుర్చీ లాక్కునేవారు అనుకుంటాను. ఆ తిరగేసిన చెయ్యి మాత్రం విప్పించకుండా ఊరుకునేవారు కాదు.

"అత్తా, నువ్వూ ఏదైనా కుట్టు" అంటూ ప్రవల్లిక తన మిషను నాకిచ్చింది. గుడ్డ పెట్టి, సూది దించి, తిన్నగా ఒక వరుస వేశాను. చివరికి వచ్చి దారం తెంపాక నా తల దానంతటదే కుడివైపుకు తిరిగింది. ఇన్నేళ్ళయినా తిరుగుతూనే ఉంటుంది. కుట్టు సరిగ్గా వచ్చిందా అని అడగడానికి కాదు. పక్కన ఆవిడ ఉన్నారేమోనని.