కల్వర్టు మీద అయ్యగారి కారు

నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక మార్చి నెలలో జరిగిందిది. మార్కాపురం బస్సు డిపోలో నేను లీడింగ్ హ్యాండ్‌ని. అంటే మెకానిక్కులకు పైన, ఫోర్‌మన్‌కు కింద. పుల్లలచెరువు దగ్గర ఒక పల్లెలో రాత్రి ఆగే బస్సు మొరాయిస్తే నన్ను పంపారు. బాగుచేసి, పొద్దున్నే అదే బస్సులో బయల్దేరాను. బస్సు నిండా పదో తరగతి పిల్లలు. ఆ రోజు లెక్కల పరీక్ష, సెంటరు యర్రగొండపాలెంలో. తొమ్మిదిన్నర దాటితే గేటు మూసేస్తారు.

ఊరి చివర ఇరుకు కల్వర్టు మీద ఒక కారు ఆగి ఉంది. అది పక్కనే ఉన్న చర్చి పాస్టరు అయ్యగారిది. పరీక్షకు పోయే పిల్లల కోసం ఏటా ఆయన రోడ్డు మీదే ప్రార్థన చేస్తారట. ఆ పొద్దున కరెంటు పోతే, మైకు సెట్టు కారు బ్యాటరీకి తగిలించి గంటసేపు పాటలు పాడించారు. బ్యాటరీ కాస్తా చచ్చింది.

"ఇదెంత పని, తోద్దాం దిగండి" అన్నాను. పదిమందిమి తోశాం. కదిలితే ఒట్టు. నాకు తిక్కరేగింది. సెకండ్ గేరేసి క్లచ్ తొక్కమని అయ్యగారి మీద అరిచాను.

"క్లచ్చి యాడుందన్నా? ఇది ఆటోమేటిక్. మా బామ్మర్ది ఇచ్చినాడు" అన్నారాయన చెమట తుడుచుకుంటూ.

అందరి ముందూ నా పరువు పోయింది. పార్కింగ్ గేరులో చక్రాలు బిగుసుకుపోతాయనీ, బ్యాటరీలో చార్జి లేకపోతే ఆ గేరులోంచి రాడ్డు బయటికి రాదనీ నాకప్పటికి తెలియదు. బస్సు బ్యాటరీ నుంచి చార్జి ఇద్దామంటే వైర్లు లేవు. పిల్లలు కిటికీల్లోంచి టైమెంతయిందని అడుగుతున్నారు. తొమ్మిది కావస్తోంది.

అప్పుడు అయ్యగారి భార్య డాష్‌బోర్డులోంచి కారు పుస్తకం తీశారు. ఆవిడ ఆదివారం బడి టీచరు. "ఏందన్నా, అంత సర్వీసు చేసినావు, పుస్తకం చూడాలని తెలీదా?" అని నవ్వి, బైబిలు వాక్యం చదివినట్టే పేజీ నంబరు, వరుస నంబరు చెప్పి మరీ చదివారు. ఇంగ్లీషు ఒక వరుస, తెలుగు ఒక వరుస.

ఆవిడ చదివినట్టే చేశాను. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకు రాళ్లు పెట్టించాను. స్టీరింగు బిగుసుకోకుండా తాళంచెవి ఆన్‌లో పెట్టించాను. ఇంజన్ ఆగితే బ్రేకు గట్టిగా ఉంటుంది కాబట్టి అయ్యగారిని బలంగా తొక్కమన్నాను. గేరు రాడ్డు పక్కనున్న చిన్న మూతను స్క్రూడ్రైవరుతో లేపి, లోపలి మీటను నొక్కి పట్టుకున్నాను. రాడ్డు మెత్తగా న్యూట్రల్‌లోకి వచ్చింది. రాళ్లు తీసి, హ్యాండ్ బ్రేకు వదిలితే ఇద్దరు తోయగానే పక్కకు పోయింది. బస్సులో పిల్లలు ఈలలేశారు.

గేటు మూయకముందే దించాం గానీ, చివరి పిల్ల లోపలికి పోయేదాకా నా గుండె కుదుటపడలేదు.

తెలియని బండి దగ్గర ముందు పుస్తకం అడగాలి, తోయడం తర్వాత. ఆ రోజు నాకు తెలుసన్న ధీమాతో అడగలేదు. నాకు పోయింది కాస్త పరువే. పిల్లలకు పావుగంట పోయింది.