మూడో సీటుకు పేరు: పటాన్‌చెరు నుంచి హుస్సేన్ సాగర్ దాకా

పడవ పందెం చూడటానికి పటాన్‌చెరు వైపు నుంచి హుస్సేన్ సాగర్‌కు పోయి రావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ని. పాశమైలారం ఫ్యాక్టరీల్లో బాయిలర్లు, పెద్ద పెద్ద ట్యాంకులు లాగి దిమ్మెల మీద కూర్చోబెట్టే ఖలాసీ గుంపుకు మేస్త్రీని. రాతలో తప్పులుంటే మన్నించాలి. కానీ ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. నా బిడ్డ స్వరూప గొంతు మళ్లీ విన్న రోజది! తలుచుకుంటే సంతోషంతో ఒళ్లు పులకరిస్తుంది, ఆ వెంటనే కళ్లు నిండుతాయి.

స్వరూప సన్నగా, తేలికగా ఉంటుంది. కాలేజీలో పడవ పందేలకు పిల్లల్ని ఎంపిక చేసినప్పుడు ఆమెకు తెడ్డు ఇవ్వలేదు, కాక్సన్‌గా కూర్చోబెట్టారు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. తెడ్లు వేసే నలుగురూ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. వెనక కొసన వాళ్లకు ఎదురుగా కూర్చునే కాక్సన్ ఒక్కతికే ముందున్న నీళ్లు కనిపిస్తాయి. చుక్కాని తాళ్లు చేత పట్టుకుని, ఎప్పుడు లాగాలో, ఎంత బలంగా లాగాలో ఆమె నోటితో చెప్పాలి. మూడో సీటులో లక్ష్మి ఉండేది. మా వీధి పిల్లే, నా బిడ్డకు చిన్ననాటి జంట. ఆ వానాకాలంలో జ్వరం మెదడుకెక్కి వారం తిరగకుండానే పోయింది. ఆ సీటులో రేణుక అనే కొత్త పిల్లను పెట్టారు. అప్పటినుంచి స్వరూపకు ఇంట్లో మాట తగ్గింది, పడవలో పిలుపు తగ్గింది. మిగతా ముగ్గురినీ పేర్లతో పిలిచేది గానీ రేణుకను మాత్రం ‘మూడో సీటు’ అనేది. ఆ తెడ్డు ఎప్పుడూ ఆలస్యంగానే పడేది. ఆదివారం పందెంలోనూ ఇదే తీరైతే కాక్సన్‌ను మార్చేస్తానని కోచ్ మా వీధి ఫోన్ బూత్‌కు ఫోన్ చేసి చెప్పాడు. అందుకే బిడ్డ వెంట నేనూ బయలుదేరాను.

తెల్లవారుజామున పటాన్‌చెరు బస్టాండుకు చేరాం. ఎదురుగా పొయ్యి వెలిగించి సర్వపిండి కాల్చే యాదమ్మ మమ్మల్ని చూసింది. లక్ష్మి వాళ్ల అమ్మ ఆమెనే.

"మేస్త్రన్నా, పందానికేనా?" అంది. జేబులోకి పోయిన నా చేతిని చూసి కసిరింది. "పైసలు తియ్యకు. నీకు కాదిది." వేడి సర్వపిండి కాగితంలో చుట్టి స్వరూప ముందు పెట్టింది. "నా బిడ్డ సీట్ల ఎవలు కూసుంటున్నరో ఆ పిల్లకు పెట్టు."

స్వరూప చేయి చాపలేదు. "నాయినకు ఇయ్యి అత్తమ్మా."

"నీ చేతికే ఇస్తున్న. నా బిడ్డ ఆకలికి ఆగకపోతుండె. ఆ పిల్ల ఎట్లనో ఏమో."

స్వరూప తీసుకుంది. దారి పొడుగునా ఆ పొట్లాన్ని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకునే కూర్చుంది, ఎవరో మరిచిపోయిన వస్తువులాగా.

మేం ఎక్కింది కోఠి బస్సు. లింగంపల్లి, మియాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట మీదుగా పోతుంది. మనిషికి పది రూపాయల లోపే టికెట్. ఆదివారం పొద్దున కాబట్టి కిటికీ పక్కనే సీటు దొరికింది. కండక్టర్ ముక్కు ఎగబీల్చాడు. "ఏం పెద్దాయనా, సర్వపిండేనా? గిట్ల వాసన పెడితే డ్రైవర్ ఈడ్నే బండి ఆపుతడు!"

"మాది కాదు తమ్మీ, ఒకరికి అప్పజెప్పేది" అన్నాను. స్వరూప కిటికీ వైపు తిరిగింది. మియాపూర్ దాటాక తనే అడిగింది.

"నాయినా, మీ గుంపుల మనిషి పోతే ఏం జేస్తరు?"

"మల్లయ్య పోయినంక పనికి ఎక్కంగనే ముందుగాల వాని పేరే పిలిచిన. అందరం తాడు పట్టుకున్నం, లాగలే. ఒక్క ఊపిరి సేపు నిలవడ్డం. మాకది రివాజు. ఇగ ఆ జాగల నిలవడ్డ కొత్తోన్ని పేరు పెట్టి పిలిచిన."

"ఎంటనేనా?"

"ఎంటనే. లేకుంటే వాని చెయ్యి తాడు మీద ఉంటది గని బలం రాదు. పేరు ముందుగాల, పని తర్వాత. పేరు ఇనంగనే మనిషి ఊపిరి బిగవడ్తడు. అప్పుడు లాగమనాలె. ఏం తప్పు జేసిండో చెప్పుకుంట కూసోవద్దు, ఏం జెయ్యాల్నో చెప్పాలె."

స్వరూప అంది: "నాకు నోరు రాదు నాయినా. ఆ పిల్లను పేరు పెట్టి పిలిస్తే లక్ష్మి నిజంగనే పోయినట్టయితది."

కూకట్‌పల్లి వచ్చింది, పోయింది.

ఏడు కొట్టకముందే ఖైరతాబాద్‌లో దిగి, రైలు పట్టాలు దాటి నెక్లెస్ రోడ్డుకు నడిచాం. నీళ్ల వాసన కొంచెం ఓర్చుకోవాలి. కోచ్ గోదావరి వైపు మనిషి. "ఏవండీ, ఇవాళైనా మీ అమ్మాయి రేణుకని పేరు పెట్టి పిలుస్తుందంటారా?" అన్నాడు.

పందెం మొదలయ్యే చోట జనం ఉన్నారు. నేను గట్టు వెంట సగం దూరం నడిచి నిలబడ్డాను. కోచ్ నా వెనకే వచ్చాడు. నాలుగు పడవలు బయలుదేరాయి. మావాళ్లది మొదటి నుంచే వెనకబడింది. నీళ్ల మీదుగా గొంతు వినిపించింది. "సునీతా, లాగు! మూడో సీటు, లేటు! మూడో సీటు, మళ్ల లేటు!" ఒక తెడ్డు తడబడుతోంది. పడవ వంకర పోతోంది.

సరిగ్గా మా ఎదురుగా వచ్చినప్పుడు స్వరూప అరిచింది.

"లక్ష్మీ! ఎత్తుకో!"

తెడ్లన్నీ గాలిలో ఆగిపోయాయి. వాటి నుంచి నీళ్లు కారుతున్నాయి. పిల్లలెవరూ కదలలేదు. మిగతా పడవలు ముందుకు పోయాయి. "అయిపోయిందండీ" అని కోచ్ తల పక్కకు తిప్పుకున్నాడు. కానీ నాకు మల్లయ్య కోసం మేం తాడు పట్టుకుని నిలబడిన పొద్దు కళ్ల ముందు మెదిలింది. ఒక్క ఊపిరి సేపు. బిడ్డా, ఇగ పిలువు, ఇగ పిలువు అని నాలో నేను గొణుక్కుంటున్నాను.

"రేణుకా!"

గొంతు పగిలింది. ఏడుపే అది. "రేణుకా... ఊపిరి పట్టు! ఇగ లాగు!"

నాలుగు తెడ్లూ ఒక్కసారే నీళ్లలో దిగాయి. అంత దూరం నుంచి కూడా ఆ చప్పుడు ఒక్కటిగా విన్నాను! పడవ సాపుగా సాగింది. "రేణుకా, గట్లనే! సునీతా, పట్టు!" నేను తలగుడ్డ విప్పి ఊపుతూ అరిచాను. నా బిడ్డ, నా బిడ్డ అని పక్కవాళ్లందరికీ చెప్పాను. మావాళ్లు అందరికంటే ఆఖరున వచ్చారు. గెలిచినవాళ్ల తండ్రులెవరూ నా అంత గట్టిగా అరవలేదు. కోచ్ ముక్కు తుడుచుకుంటూ, "మీ అమ్మాయినే కాక్సన్‌గా ఉంచుతానండీ" అన్నాడు.

గట్టుకు రాగానే స్వరూప నన్ను పట్టుకుని ఏడ్చింది. "కావాల్నని పిలువలే నాయినా. నోట్లకెల్లి ఆ పేరే వచ్చింది." తర్వాత కళ్లు తుడుచుకుని, పొట్లం తీసుకుని తనే పోయింది.

"రేణుకా, లక్ష్మి వాళ్లమ్మ నీకు పంపింది."

"నేనెవలో ఆమెకు ఎరుకనే లేదు గదక్కా?"

"నీకే."

రేణుక పొట్లం విప్పింది. "జెర మాకూ పెట్టవే, తెడ్డు మేమెయ్యలేదా?" అంటూ సునీత పొట్లం మీద పడింది. తింటూనే నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు.

మధ్యాహ్నానికి పటాన్‌చెరులో దిగాం. యాదమ్మ పొయ్యి ఇంకా వెలుగుతోంది.

"తిన్నదా?"

"తిన్నదత్తమ్మా. మంచిగుందన్నది."

"పిల్ల పేరేంది?"

స్వరూప గొంతు పూర్తిగా పోయింది. నేను చెప్పొచ్చు, చెప్పలేదు. బిడ్డ ముందుకు వంగి, మిగిలిన గొంతంతా కూడగట్టుకుని, "రేణుక" అంది. యాదమ్మ ఆ పేరును ఒకసారి తన నోటితో అనుకుంది. తర్వాత పొగ వైపు ముఖం తిప్పుకుని ఇంకో పిండి తట్టింది.

బతుకంతా మనుషుల్ని పిలిచి బరువులు లాగించాను. ఏ బాయిలరూ ఆ ఒక్క పేరంత బరువు లేదు. దాన్ని నా చిన్న బిడ్డ ఒక్కతే ఎత్తింది. సంతోషమే, చాలా సంతోషం. కానీ ఆ సీటులో లక్ష్మి ఉంటే ఈ సంతోషం మాకు అక్కర్లేకపోయేది కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

పోయేవాళ్లకు ఒక్క మాట. ఇప్పుడు లింగంపల్లి నుంచి లోకల్ రైలు పడింది, నెక్లెస్ రోడ్ స్టేషన్‌లో దిగితే నడక తక్కువ. బండ్ల మోత మొదలవకముందే చేరుకోండి, పందెం ముగిసే చోటు వదిలేసి సగం దూరంలో నిలబడండి. అక్కడ ఎవరు గెలిచారో కనిపించదు, కాక్సన్ ఎవరిని పిలుస్తోందో వినిపిస్తుంది.